గిన్ నిలబెట్టిన రాయి

కిసో లోయలోని పాత కొండదారి మీద బాటసారులను నడిపించేవారు చాలామందే ఉన్నారు గాని, మిసావో నడిపించే పద్ధతి వేరు. బృందంలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ఆమె ముందు నిలబెడుతుంది. అందరికంటే వడిగా నడిచేవారిని చివరికి పంపుతుంది. వీపుల మీదా గుర్రాల మీదా సరుకు సాగిన కాలంలో ఈ దారికి అదే ధర్మం. గట్టి కాళ్ళవాడు ముందు నడిస్తే నీరసపు కాళ్ళవాడు వెనకబడతాడు. వెనకబడినవాడు మంచులో ఒంటరివాడవుతాడు. ఒంటరివాడు ఇల్లు చేరడు. కాబట్టి బలవంతుడు బలహీనుడి అడుగును చూసి అడుగు వేయాలి. ఇంతకంటే న్యాయమైన చట్టాన్ని ఏ రాజధానిలోనూ ఎవరూ రాయలేదని మిసావో నమ్మకం. అరవై దాటిన ఆమె ఇంతవరకు ఆ చట్టాన్ని ఎవరి కోసమూ సడలించలేదు.

ఆనాడు ఇవాగో ఊరి పైచివర, రాళ్ళమెట్లు మొదలయ్యేచోట, ఆమె కోసం ఎదురుచూస్తున్నవారు ముగ్గురే. నగోయా నుంచి వచ్చిన ఉసామి దంపతులు ఇద్దరు. భర్త ఉద్యోగం విరమించిన రైలు డ్రైవరు. కొత్త బూట్లు, కొత్త టోపీ, రెండు చేతుల్లో రెండు కొత్త ఊతకర్రలు. మూడో మనిషి యసుయో అనే ముసలావిడ. ఎనభైకి దగ్గరపడిన వయసు, కాస్త వంగిన నడుము, చేతిలో నీలం గుడ్డలో కట్టిన మూట. ఆ మూటను అందుకోబోయిన ఉసామి భార్యకు ఆవిడ మర్యాదగా తల వంచి, మూటను మాత్రం గుండెకు మరింత దగ్గరగా పట్టుకుంది.

“ముందు మీరు నడవండి, పెద్దమ్మగారూ,” అంది మిసావో.

“నేనా? నన్ను ముందు పెడితే వీళ్ళు ఈ జన్మకి కనుమ అవతలి తానిజుకు చేరతారా?”

“చేరతారు. చేరకపోతే దారిలో నిద్రపోతారు. దారిలో నిద్రపోయినవాళ్ళు మనకంటే ముందు చాలామంది ఉన్నారు.”

“అదేంటండీ,” అన్నాడు ఉసామి. “ముప్ఫయ్యేళ్ళు రైలు నడిపినవాణ్ణి. నన్ను తీసుకెళ్ళి చివర పెడతారా?”

“నడిచింది రైలు. మీరు కూచున్నారు,” అంది ఆయన భార్య. “పదండి వెనక్కి.”

శరత్కాలం చివరి రోజులు. దేవదారుల మధ్య ఇంకా చీకటి వీడలేదు గాని, పైన కొమ్మల చివర్లకు ఎండ తగిలి అడవి నెత్తి మీద దీపాలు పెట్టినట్టుంది. రాళ్ళు పరిచిన దారి తడిగా, నల్లగా మెరుస్తోంది. ప్రతి రాయీ వందల ఏళ్ళ పాదాల కింద అరిగి నడుమ గిన్నెలా లోతైంది. ఆ లోతుల్లో ఎర్రని ఆకులు నిలిచాయి. దారి పక్కన స్తంభానికి వేలాడే ఎలుగుబంటి గంట కనిపించిన ప్రతిచోటా యసుయో ఆగి, మూటను మోచేతి మడతలోకి జరుపుకుని, రెండు చేతులతో తాడు లాగి గంట కొట్టింది. ఎలుగుబంట్లను హెచ్చరించడానికి అంత భక్తి అక్కరలేదు. ఆవిడ తన రాకను ఎవరికో తెలియజేస్తున్నదని మిసావోకు అనిపించింది.

రెండో గంట స్తంభం దాటాక ఆవిడ వెనక్కి తిరగకుండానే అడిగింది.

“మిసావోగారూ, నీటిచక్రం దాటాక దారి ఎడమకి తిరిగేచోట గుర్రపు రాయి ఒకటి ఉండాలి. ఉందా?”

గుర్రం పడిపోయి ప్రాణం విడిచిన చోట దాని యజమాని రాయి నిలబెట్టడం ఈ లోయ ఆచారం. రాతి మీద కరుణామూర్తి కన్నోన్ దేవత, దేవత కిరీటంలో గుర్రం తల. దారి పొడవునా అలాంటి రాళ్ళు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా మిసావోకు తెలియనిది లేదు. ఆవిడ చెప్పిన మలుపు కూడా తెలుసు. అక్కడ గుర్రపు రాయి లేదన్న సంగతీ తెలుసు. కాని ఎక్కుతున్న మనిషికి కొన్ని సంగతులు చెప్పకూడదు. చెబితే మోకాళ్ళలో బలం పోతుంది.

“ఎవరిదండీ ఆ రాయి?” అని మాత్రం అడిగింది.

“మా అమ్మమ్మది. ఆవిడ పేరు గిన్. ఇవాగో కింద పల్లెలో ఉండేది. తాతయ్య చిన్నవయసులోనే పోతే ఆయన గుర్రాన్ని ఆవిడే తోలేది. ఆడది గుర్రం తోలడమేంటని నవ్వేవాళ్ళట. ‘గుర్రం నవ్వట్లేదుగా’ అనేదట మా అమ్మమ్మ.”

వెనకనుంచి ఉసామి భార్య గట్టిగా నవ్వింది. యసుయో అడుగు మీద అడుగు వేస్తూ, ఊపిరి అందినప్పుడల్లా చెప్పింది. గుర్రం పేరు కురి. పొట్టి కాళ్ళు, వెడల్పు వీపు, తల వంచుకుని నడిచే కిసో గుర్రం. ఒక ఏడు తొలిమంచు పడబోతుండగా ఇవాగోలోని బియ్యం వర్తకుడు, కనుమ మూసుకుపోకముందే సరుకు దాటించాలని, రెండు గుర్రాల బరువు దాని ఒక్కదాని మీద వేయించాడు.

“అమ్మమ్మ వద్దంది. వద్దంటే ఇంకెప్పుడూ నీకు సరుకివ్వనన్నాడు. ఇంట్లో పసిపిల్లలు. ఏం చేస్తుంది? తను కూడా ఒక బస్తా వీపుకెత్తుకుని బయల్దేరింది. ఆ మలుపులో కురి మోకాళ్ళ మీద కూలబడింది. మళ్ళీ లేవలేదు. బియ్యం మంచులో తడిసిందని ఆయనే తగువుకొచ్చాడు.”

“అదేం న్యాయం!” అంది ఉసామి భార్య.

“పెద్దమనుషులు కూచుని చెప్పిన న్యాయం. తప్పు అమ్మమ్మదే అన్నారు. గుర్రానికి నోరు లేదు. ఆడదానికి ఉంది గాని, వినేవాడు లేడు. అప్పుడు ఆవిడ రాయి నిలబెట్టింది. రాతికి ఒక పక్క తన పేరు చెక్కించింది. ఆడదాని పేరు దారి మీద ఏంటని ఆ వర్తకుడు మళ్ళీ గొడవకొచ్చాడట. ‘ఈ దారిన పోయే ప్రతివాడూ చదవాలి. నువ్వు కూడా’ అందట అమ్మమ్మ. ఆ తర్వాత ఆయన కనుమ దాటిన ప్రతిసారీ ఆ పేరు ముందునుంచే వెళ్ళాల్సొచ్చింది.”

ఆవిడ మూటను మరో చేతికి మార్చుకుంది.

“తర్వాత మా అమ్మ నగోయా నూలుమిల్లుకి పనికెళ్ళింది. నేనూ అక్కడే చేశాను. ‘మనకి భూమి లేదు, ఇల్లు లేదు. దారి మీద పేరుంది’ అనేది అమ్మ. పోయేలోపు దాన్ని దాని చోట చూడాలి. ఇంకేం కోరిక లేదు నాకు.”

మిసావో కళ్ళు తనకు ముందున్న ఆ రెండు చిన్న మడమల మీద నిలిచాయి. ఒక్క రాయి మీదా తడబడకుండా, తొందరపడకుండా, ఆగకుండా ఎక్కుతున్నాయవి. ఈ దారి మీద ఆమె వేలమందిని నడిపించింది. నడక నేర్పవలసినవారినే ఎక్కువగా చూసింది. నేర్చుకోవలసిన నడక అరుదుగా కనిపిస్తుంది.

నీటిచక్రం దాటారు. దారి ఎడమకు తిరిగింది. దిగువన ఏటి చప్పుడు, ఎదురుగా పిడుగుకు చీలిన పాత దేవదారు. మలుపు లోపలి అంచున చదునైన చోట ఒక గుండ్రని నీలిబూడిదరంగు రాయి నేలలో కుదురుకుని ఉంది. అలవాటు మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది. మనసు మరెక్కడో ఉన్నా, మిసావో నోరు రోజూ చెప్పే మాటే చెప్పింది.

“బరువులు మోసేవాళ్ళు అలసి కూచున్న రాయి ఇది. మీరూ కాసేపు కూచోండి.”

ఆమెకు ముందు ఈ దారిన నడిపించిన ముసలాయన చెప్పిన మాట అది. ఆయనకు ఎవరు చెప్పారో ఆమె అడగలేదు. ఉసామి రెండు కర్రలూ పక్కన పడేసి రాయి మీద చతికిలబడ్డాడు.

“నాలాంటివాళ్ళ కోసమే వేశారు. మహానుభావులు!”

యసుయో కూర్చోలేదు. దారికి ఇటుపక్క చూసింది, అటుపక్క చూసింది. గట్టు మీది పొట్టివెదురును చేత్తో పాయలు తీసి చూసింది. చీలిన దేవదారు దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. తర్వాత దారి నడుమ నిలబడింది.

“అమ్మ చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి,” అంది. “రాయే లేదు.”

ఉసామి భార్య చొరవ తీసుకుని ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. “పెద్దమ్మా, తెచ్చింది ఇక్కడే పెట్టేద్దురూ. దేవతకి తెలీదా?”

యసుయో మూట విప్పి చూపించింది. అందులో గుప్పెడు బార్లీ గింజలు, మట్టి కడిగిన క్యారెట్లు, గడ్డితో అల్లిన నాలుగు గుర్రపు చెప్పులు. పాతకాలంలో ఈ లోయ గుర్రాలు ఇనుప నాడాలతో కాక అలాంటి గడ్డిచెప్పులతోనే కొండ ఎక్కేవి. అల్లిక బిగువుగా, అంచులు సమానంగా, ఒక్క పోచ కూడా బయటికి రాకుండా ఉంది. నూలుమిల్లులో ఒక జీవితం గడిపిన వేళ్ళు అంతకు తక్కువ పనికి ఒప్పుకోవు.

“ఎవరికి పెట్టను? ఖాళీ నేలకా?” అని ఆవిడ మళ్ళీ మూట ముడివేసింది. కన్నీళ్ళు పెట్టుకోలేదు. అదే మిసావోకు భరించరానిదైంది.

ఎందుకంటే తానిజుకులోని మత్సుయా సత్రం పెరట్లో, కొలను పక్కన, ఒక గుర్రపు రాయి ఉంది. నాచు పట్టిన భుజాలతో, ముందు రాతిదీపంతో, చూడముచ్చటగా ఉంటుంది. సత్రం యజమాని హజమాకు అదంటే ప్రాణం. అతిథులందరికీ చూపిస్తాడు. మిసావో దగ్గరికి వచ్చే బాటసారుల్లో సగంమంది ఆయన పంపేవారే. ఆయనకు కోపం వస్తే ఆ సగమూ పోతుంది. పైగా అది ఈ రాయేనని ఎవరు చెప్పగలరు? కాకపోతే ఈ ముసలి ప్రాణానికి రెండోసారి నిరాశ. మిసావో మనసు ఒక్క క్షణం ఇటూ అటూ ఊగింది. ఆ ఊగడమే ఆమెకు సిగ్గనిపించింది. బలహీనుణ్ణి ముందు నడిపించాలన్న చట్టం కాళ్ళకు మాత్రమే వర్తిస్తుందా?

“పెద్దమ్మగారూ, నాకు రూఢిగా తెలీదు. ఇవాళ మనం దిగే సత్రం పెరట్లో ఒక గుర్రపు రాయి ఉంది. ఎక్కడినుంచి వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు.”

“ఎందుకడగలేదు?”

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలనే అడిగింది.

“అందంగా ఉంది కదా అని,” అంది మిసావో.

అక్కడినుంచి కనుమ దాకా యసుయో నడిచిన నడక చూడవలసిందే. కనుమ మీది టీ ఇంట్లో నిప్పుల పక్కన కూర్చుని, పుల్లలకు గుచ్చి అక్రోటు ముద్ద పూసి కాల్చిన అన్నపు బిళ్ళలు తిన్నారు. ఆవిడ తనది అందరికంటే ముందు ముగించి, టీ పోసిన మనిషికి వంగి దండం పెట్టి, గుమ్మంలో నిలబడింది. దిగుడు మొదలయ్యేసరికి ఉసామి కొత్త బూట్లు కరవడం మొదలుపెట్టాయి. మిసావో బృందాన్ని ఆపింది.

“ఉసామిగారూ, మీరు ముందుకి రండి.”

“చూశావా! నన్ను ముందుకి పిలిచారు,” అన్నాడు ఆయన భార్యతో.

“ఎందుకో అడగండి.”

ఆయన అడగలేదు.

తానిజుకు చేరేసరికి ఎండ ఇంకా వాలలేదు. ఊరు ఊరంతా ఒకే వీధి. పలకల కప్పుల మీద గాలికి లేవకుండా పేర్చిన గుండ్రాళ్ళు, నల్లబడిన చెక్క గోడలు, చూరుల కింద ఆరేసిన మొక్కజొన్న కంకులు. ఆ వీధికి నడుమ మత్సుయా. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ హజమా భారీ మనిషి, డెబ్భై దాటాయి, మోకాళ్ళు పోయి చాలాకాలమైంది గాని గొంతు మాత్రం నేటికీ ఏటికి అవతలిదాకా వినిపిస్తుంది.

“ఏం మిసావో, నడిపించుకొచ్చావా, మోసుకొచ్చావా? సోబా సేమ్యా ఉడికి గంజి అయిపోయింది!”

“అన్నా, తినేముందు పెరట్లోకి వెళ్ళాలి. ఈ పెద్దమ్మగారు మీ గుర్రపు రాయి చూస్తారు.”

“చూడనీ. చూసి కళ్ళు చల్లబడనివాళ్ళు ఇంతవరకు లేరు.”

పెరట్లో నీళ్ళ చప్పుడు. కొలను పక్కన మోకాలెత్తు రాయి. యసుయో దాని ముందు కాసేపు ఊరికే నిలబడింది. ముందు కుండలో నీళ్ళు తాజాగా ఉన్నాయి. దేవత పాదాల దగ్గర ఆనాటి పువ్వే ఉంది. అది ఆవిడ గమనించింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, మెడలోని తువ్వాలు కొలనులో తడిపి, రాతి ఎడమ పక్కను మెల్లగా అద్దింది. నాచును గీకలేదు, పెరకలేదు. నిద్రలో ఉన్న బిడ్డ ముఖం తుడిచినట్టు తడిని మాత్రమే అద్దింది. నాచు కింద గీతలు నల్లబడి పైకి తేలాయి. ఒక్కటే అక్షరం. వెండి అని అర్థమిచ్చే అక్షరం. గిన్.

యసుయో నుదురు నేలకు ఆనించింది. రాతికి కాదు, హజమా వైపు తిరిగి.

“మా అమ్మమ్మ పేరు మీ ఇంట్లో భద్రంగా ఉంది. రోజూ నీళ్ళు పెడుతున్నారు. ఈ ఋణం తీర్చుకోలేను.”

పోట్లాటకు నడుం కట్టుకుని వచ్చిన మిసావో ఒక అడుగు వెనక్కి వేసింది. హజమా ముఖం మాత్రం మబ్బు పట్టింది. ఎదురు తిరిగినవాళ్ళతో ఎలా మాట్లాడాలో ఆయనకు తెలుసు; తలవంచినవాళ్ళతో తెలియదు.

“లేవండి, లేవండి. మా తాత చేసిన పని అది. పెద్దవాన ఏడు ఆ కొండ చరియ సగం ఏట్లోకి జారింది. పాత దారిన నడిచేవాడే లేడప్పుడు. ఆయన వానలో వెళ్ళి దీన్ని వీపుకి కట్టుకుని తెచ్చాడు. తేకపోతే ఈపాటికి సముద్రంలో ఉండేది.”

“అవునండీ. కాని ఇప్పుడు దారి నడుస్తోంది,” అంది యసుయో. “మా అమ్మమ్మ దీన్ని చూడముచ్చటగా ఉండాలని నిలబెట్టలేదు. దారినపోయేవాళ్ళు చదవాలని నిలబెట్టింది. తిరిగి ఇప్పించండి.”

“ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదే!”

“అడగనిదే అమ్మైనా పెట్టదు. అడగడానికే వచ్చాను.”

హజమా మెడ ఎర్రబడింది. “దేవతని ఊరికే అటూ ఇటూ జరుపుతారా? గుర్రం పడ్డచోటే నిలబడాలి. ఆ కనుమలో ఏ మలుపు చూసినా మలుపే. చోటు తప్పితే ఈ పెరడే నయం.” తర్వాత గొంతు తగ్గించాడు. “మా తాత ఒక మాట చెప్పాడు. దేవతని ఎత్తినచోట ఖాళీ ఉంచకూడదని, మా సత్రం ముందున్న ఏట్లోంచి ఒక రాయి ముందే మోసుకెళ్ళి ఆ చోట కాపలా పెట్టొచ్చాడట. ‘కాపలా రాయి ఉన్నంతకాలం ఈ దేవత మనింట్లో అతిథి. అది పోయిందా, ఇక ఇల్లు మనదే’ అన్నాడు. కుర్రతనంలో ఒకసారి వెళ్ళి చూశాను. నడుమెత్తు పొట్టివెదురు. ఏమీ కనపడలేదు. కొట్టుకుపోయిందనుకున్నాను.”

“ఎలా ఉంటుందా రాయి?” అని అడిగింది మిసావో.

“ఏటిరాయి ఎలా ఉంటుంది? గుండ్రంగా, నున్నగా, నీలంగా ఉంటుంది. కొండ మీద అలాంటిది పుట్టదు.”

“అయ్యబాబోయ్!” అన్నాడు ఉసామి. “నేను కూచున్నది!”

“దేవుడి కాపలావాడి నెత్తిన కూచున్నారు,” అంది ఆయన భార్య. “అందుకే బూట్లు కరిచాయి.”

మిసావో నిటారుగా నిలబడింది. ఈ దారి మీద ఒక పువ్వు పేరు తప్పు చెప్పినా బాటసారిని సరిదిద్దే మనిషి ఆమె. పాత దారికి పట్టిన వెదురును నరికి, ఆ రాయిని వెలుగులోకి తెచ్చిన చేతుల్లో ఆమె చేతులూ ఉన్నాయి. అంత చేసి, దాని మీద ఊరందరినీ కూర్చోబెట్టింది.

“నీటిచక్రం తర్వాతి మలుపులో ఉందన్నా. చీలిన దేవదారుకి ఎదురుగా. నేను రోజూ దాన్ని పీట చేసి కూచోబెడుతున్నాను. ఏటిరాయి కొండెక్కి ఏం చేస్తోందని ఒక్కసారి అనుకోలేదు.”

హజమా కొలను వైపు తిరిగాడు.

“నేనూ మళ్ళీ వెళ్ళి వెతకలేదు మిసావో,” అన్నాడు. “దారి బాగుచేశాక నిన్నడిగితే చెప్పేదానివి. అడగలేదు. దొరికితే ఇచ్చెయ్యాలి కదా!”

ఆ మాట అనడానికి ఎంత మనసు కావాలో మిసావోకు తెలుసు. కనుమ ఎక్కడం అంతకంటే తేలిక. ఆమె ఆయనకు తల వంచింది. హజమా ముక్కు చీది, గొంతు మళ్ళీ పెంచాడు.

“ముందు సోబా తినండి! గుర్రాన్ని గెలుచుకున్నవాళ్ళు గంజి తాగుతారా? మళ్ళీ కొత్తగా వండిస్తాను. రేపు పొద్దున్నే బయల్దేరాలి.”

మరునాడు ఊరి ఆలయపు పూజారి వచ్చి మంత్రం చదివాడు. బండి తెస్తామన్న పొరుగువాళ్ళను హజమా కసిరాడు. వీపు మీద వచ్చిన దేవత వీపు మీదే వెళ్ళాలి. అటక మీదినుంచి తాతగారి మోపుచట్రం దింపించి, రాయికి కొత్త చాప చుట్టి, గడ్డితాళ్ళతో కట్టించాడు. తానే ముందుగా వీపుకెత్తుకున్నాడు.

“మోకాళ్ళున్నాయా మీకు?” అంది మిసావో.

“తాత తెచ్చాడు. ఊరు దాటేదాకా అయినా నేను మొయ్యాలి.”

“అయితే ముందు మీరు నడవండి.”

అలా బయలుదేరారు. ముందు హజమా, ఒక్కో అడుగుకూ మూలుగుతూ. ఆయన వెనక మిసావో. ఆమె వెనక యసుయో. తర్వాత ఉసామి దంపతులు, పొరుగువాళ్ళు నలుగురైదుగురు. ఊరి చివర హజమా బరువు దింపాడు గాని వెనక్కి మళ్ళలేదు. ఒక కర్ర అడిగి పుచ్చుకుని తానూ నడిచాడు. రాయి వీపు నుంచి వీపుకు మారుతూ కొండ ఎక్కింది. ఎవరి వీపు మీద ఉంటే వారే అందరికంటే నెమ్మది. కాబట్టి వారే ముందు. కరిచిన బూట్లు విప్పేసి, కాళ్ళకు చుట్టుకున్న గుడ్డపీలికల మీద నడుస్తూ ఉసామి కూడా ఒక వాలంతా మోశాడు. ఆ వాలు పొడవునా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు; ఆయన భార్య ఒక్క ఎగతాళి చేయలేదు. మోసేవాళ్ళ వీపులు, దారికి ఇరువైపులా ఎర్రబడి నిలిచిన ఆకులు, ఎవరి ఊపిరి వారికి వినిపించే నిశ్శబ్దం. ఇన్నేళ్ళుగా ఈ దారి గొప్పతనాన్ని ఊరూరివారికి వర్ణించి చెప్పిన మిసావో ఆ ఉదయం ఏమీ చెప్పలేదు. దారి తన పని తాను చేసుకుంటున్నప్పుడు దాన్ని పొగడడం అధికప్రసంగం.

కనుమ దాటి దిగాక ఆ మలుపు వచ్చింది. మగవాళ్ళు గుండ్రాయిని గడకర్రతో పక్కకు దొర్లించారు. దాని కింద చదునుగా చెక్కిన పీఠం ఉంది. నడుమ నలుచదరపు గుంట. చాప విప్పి గుర్రపు రాయిని ఎత్తి దింపితే, అడుగున ఉన్న బొడిపె ఆ గుంటలో చప్పుడు లేకుండా కూర్చుంది. ఎవరో “ఆహా” అన్నారు.

“తిప్పాలి,” అంది యసుయో. “పేరున్న పక్క ఇవాగో వైపు ఉండాలి. ఆయన అటునుంచే వచ్చేవాడు.”

“ఎవరు?”

“బియ్యం వర్తకుడు.”

“ఆయన పోయి ఎన్నేళ్ళయిందో, పెద్దమ్మా!” అన్నాడు హజమా.

“పోతే పోయాడు. తిప్పండి.”

తిప్పారు. యసుయో నీలం మూట విప్పింది. బార్లీ పోసింది. క్యారెట్లు పెట్టింది. నాలుగు గడ్డిచెప్పులను, ముందుకాళ్ళవి రెండు ముందు, వెనకకాళ్ళవి రెండు వెనక, గుర్రం ఇప్పుడే వాటిలో కాళ్ళు పెట్టి బయలుదేరుతుందన్నట్టు కనుమ వైపు ముఖంగా పేర్చింది. తర్వాత స్తంభం దగ్గరికి వెళ్ళి గంట కొట్టింది. లోయ ఆ చప్పుడును తీసుకుని చాలాదూరం మోసింది.

ఉసామి గట్టు మీద కూర్చోవడానికి చోటు వెతుక్కుంటున్నాడు.

“మరి ఇక ఇక్కడ కూచోడానికి లేదన్నమాట!”

“నిలబడండి బాబూ,” అంది యసుయో. “మా కురి నిలబడే మోసింది.”

ఆయన నిలబడ్డాడు. టోపీ కూడా తీశాడు.

హజమా మాత్రం పక్కకు దొర్లిన గుండ్రాయి దగ్గర వంగి, దాని మట్టి తుడుస్తున్నాడు. మిసావో వెళ్ళి పక్కన నిలబడింది.

“దీన్నేం చేద్దామన్నా?”

“ఇంటికి తీసుకుపోవాలి. ఇన్నేళ్ళు కాపలా కాసింది, మీ అందరి బరువూ మోసింది. కొలను పక్కన చోటు ఖాళీగానే ఉంది కదా.” ఆయన మోపుచట్రాన్ని తన వైపు లాక్కున్నాడు. “ఎత్తు. మొదట నేనే మోస్తాను.”

మిసావో రాయిని ఎత్తి కట్టింది. ముడి రెండుసార్లు లాగి చూసి, పక్కకు తప్పుకుని, ఆయనకు ముందు దారి ఇచ్చింది.